వదిలి రావచ్చుగా!

భర్త చేతిలో ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న స్త్రీ గురించి వార్త వచ్చినప్పుడల్లా, చదువుకున్నవారి నోట మొట్టమొదట వెలువడే మాట ఒకటుంది: "అంత జరుగుతుంటే వదిలి రావచ్చుగా!" ఈ మాటలో సానుభూతి లేకపోలేదు. కానీ అందులోనే ఒక తీర్పు కూడా దాగి ఉంది. బయటికి వచ్చే దారి తెరిచే ఉన్నదనీ, ఆ దారిని చూసే కన్నో, నడిచే ధైర్యమో ఆమెకు లేకపోయిందనీ ఆ తీర్పు. అభ్యుదయవాదులు దీనికి "చైతన్యం లేకపోవడం" అని పేరు పెడతారు. సంప్రదాయవాదులు దానినే తిరగేసి "ఓర్పు" అని మెచ్చుకుంటారు. ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకీభవిస్తున్నారు: ఆమె ఏమీ చేయకుండా ఊరకే ఉన్నదని.

నేను విభేదించేది అక్కడే. ఆమె ఊరకే లేదు. అటువంటి ఇంట్లో బతుకుతున్న స్త్రీ ప్రతిరోజూ తన ప్రాణాన్నీ పిల్లల ప్రాణాన్నీ కాపాడుకునే పని చేస్తూనే ఉంటుంది. ఆ పని మన కంటికి పనిలా కనిపించదు. కనిపించకుండా ఉంటేనే అది ఫలిస్తుంది కనుక. దానిని గుర్తించకుండా మనమిచ్చే సలహా ఆమెకు సాయపడకపోగా, ఒక్కొక్కసారి ప్రాణం మీదికి తెస్తుందని చెప్పడమే ఈ టపా ఉద్దేశ్యం.

ముందుగా కొన్ని అంకెలు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18 నుండి 49 ఏళ్ళ వయసున్న వివాహిత స్త్రీలలో 29.3 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో శారీరక హింసనో లైంగిక హింసనో అనుభవించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. ఎవరి చేతిలోనైనా సరే, ఇటువంటి హింసకు గురైన స్త్రీలలో దానిని ఆపడానికి సాయం అడిగినవారు దేశం మొత్తం మీద 14 శాతం మాత్రమే. 77 శాతం మంది సాయం అడగనూ లేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

ఈ మౌనాన్ని అజ్ఞానమనుకోవడం తేలిక. కానీ అదే సర్వేలో మరొక అంకె ఉంది. ఏదో ఒక కారణం మీద భర్త భార్యను కొట్టడం సమంజసమేనని ఒప్పుకున్న స్త్రీలు మన రెండు రాష్ట్రాలలోనూ సుమారు 84 శాతం. అంటే, ఆమె చెప్పుకోదలిస్తే వినవలసిన తల్లి, అత్త, వదిన, పక్కింటి పిన్నిగారు - వీరిలో ఎక్కువమంది "ముందు నువ్వేమన్నావో చెప్పు" అని అడిగేవారే కావచ్చు. చెప్పిన మాట తిరిగి అతని చెవిన పడితే ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆమెకు తెలుసు. "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెతను ఆమె నీతివాక్యమని పాటించడం లేదు. తన విషయంలో అది అక్షరాలా నిజం కనుక పాటిస్తున్నది.

ఈ ఊరకుండడాన్ని వివరించబోయి మనస్తత్వశాస్త్రం కూడా ఒకప్పుడు తడబడింది. 1979లో అమెరికాలో లెనోర్ వాకర్ దెబ్బలు తినే స్త్రీల గురించి రాసిన పుస్తకంలో "అభ్యాసం వల్ల అబ్బిన నిస్సహాయత" అన్న భావనను వాడారు. ఏమి చేసినా దెబ్బ తప్పనప్పుడు మనిషి ప్రయత్నించడమే మానుకుంటుందని దాని సారం. దయతో చెప్పిన సిద్ధాంతమే. కానీ 1988లో ఎడ్వర్డ్ గోండాల్ఫ్, ఎలెన్ ఫిషర్ అనే పరిశోధకులు టెక్సాస్ రాష్ట్రంలో ఆశ్రయ గృహాలకు వచ్చిన ఆరు వేలమందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించి, దానికి పూర్తిగా ఎదురుగా ఉండే వాదాన్ని ముందుకు తెచ్చారు. హింస ముదిరేకొద్దీ స్త్రీలు ప్రయత్నాలు మానడం లేదు, పెంచుతున్నారు. చుట్టాలనూ పోలీసులనూ వైద్యులనూ అడుగుతూనే ఉన్నారు. నిస్సహాయత ఆవరించినది వారు తట్టిన తలుపుల వెనుక ఉన్నవారిని. ఇది ఆశ్రయ గృహం దాకా రాగలిగినవారి లెక్క, రాలేనివారి సంగతి వేరు కావచ్చునన్న అభ్యంతరం ఉండనే ఉంది. అయినా చూడవలసిన దిక్కును అది మార్చింది. "ఆమె ఎందుకు ఏమీ చేయడం లేదు?" అన్న ప్రశ్న పోయి, "ఆమె ఏమేం చేస్తోంది?" అన్న ప్రశ్న వచ్చింది.

ఏమేం చేస్తుంది? మోటారుసైకిలు ఆగిన తీరును బట్టి, గేటు తీసిన చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతుందో అంచనా కట్టడం ఆమె నేర్చిన మొదటి విద్య. ఆ అంచనాను బట్టి పిల్లలకు పెందలాడే అన్నం పెట్టి నిద్రపుచ్చడమో, ఏదో వంకతో పక్కింటికి పంపడమో చేస్తుంది. గొడవ మొదలైతే వంటింట్లోకి పోకుండా వీధి తలుపు వైపు జరుగుతుంది. కత్తిపీటా పచ్చడిబండా మండే పొయ్యీ ఉండేది వంటింట్లోనే. కొన్ని రోజులు అన్నిటికీ "సరే" అంటుంది. ఎదురు తిరిగితేనే ఆగుతాడని తోచిన రోజున ఎదురు తిరుగుతుంది. బియ్యం డబ్బాలో వంద కాగితాలు దాస్తుంది. పొదుపు సంఘంలో తన పేర ఉన్న సొమ్మును ఇంట్లో తక్కువ చేసి చెబుతుంది. మెరుగు పెట్టించాలన్న మిషతో గొలుసును అమ్మ దగ్గర వదిలి వస్తుంది. బ్యాంకు పుస్తకానికీ పిల్లల సర్టిఫికెట్లకూ నకళ్ళు తీయించి అక్క ఇంట్లో పెడుతుంది. అన్నయ్య నంబరును ఫోనులో గ్యాసు ఏజెన్సీ పేరు మీద రాసుకుంటుంది.

పుట్టింటి ప్రయాణాల సంగతి మరీ ఆలోచించవలసినది. శ్రావణమాసపు నోము, మరదలి సీమంతం, సంక్రాంతి పండుగ - ఇవన్నీ అందరికీ ఆచారాలే, ఆమెకు మాత్రం అనుమతి దొరికే సెలవులు. ఆ పది రోజులలో ఒంటి మీది కమిలిన మచ్చలు మానతాయి, మనసు కుదుటపడుతుంది, అమ్మానాన్నలలో ఎవరు తన పక్షాన నిలుస్తారో నెమ్మదిగా తేలుతుంది. పెద్దమనుషుల పంచాయితీ కూడా అంతే. అక్కడ న్యాయం జరగదని ఆమెకు తెలియక వెళ్ళదు. తనకు జరుగుతున్నది నలుగురికీ తెలుసునని అతనికి తెలియాలని వెళుతుంది.

2003లో లీసా గుడ్‌మన్, మేరీ ఆన్ డటన్ ప్రభృతులు ఇటువంటి ప్రయత్నాలను ఆరు వర్గాలుగా విభజించి, వాటిని కొలిచే ప్రశ్నావళినొకదానిని తయారుచేశారు. శాంతపరచడం, ప్రతిఘటించడం, ముందస్తు భద్రతా ఏర్పాట్లు, అయినవారి సాయం, సంస్థల సాయం, చట్టం సాయం - ఇవీ ఆ ఆరు. మనం "ఏదైనా చేయడం"గా లెక్కించేది చివరి రెండింటిని మాత్రమే. మిగిలిన నాలుగింటినీ ఓర్పు ఖాతాలోనో పిరికితనం ఖాతాలోనో వేసేస్తాము.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ రావచ్చు. "బాగుంది, దెబ్బలు తప్పించుకునే నేర్పును ఇంతగా పొగిడితే, ఆ ఇంట్లోనే ఉండిపొమ్మని చెప్పినట్లు కాదా?" అని. కాదు. అనునయించడం ఈ రాత్రికి పనికివచ్చే ఉపాయమే తప్ప రోగానికి మందు కాదు. కొట్టేవాడి మనసు మార్చే బాధ్యత దెబ్బలు తినేవారిది కానే కాదు. నేను చెబుతున్నది ఇంతే: ఆ ఇంటి తాలూకు ప్రమాదాల పటం ఆమె దగ్గర ఉన్నది, మన దగ్గర లేదు. ఆమెకు తెలిసిన దానిని పక్కన పెట్టి, మనకు తోచిన దారిలో తక్షణమే నడవమనడం సాయం అనిపించుకోదు.

ఎందుకంటే ఆ దారిలోనే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. జాక్వెలిన్ కాంప్‌బెల్ నాయకత్వంలో అమెరికాలోని 11 నగరాలలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2003లో వెలువడ్డాయి. భర్త లేక సహచరుడి చేతిలో హతులైన స్త్రీలనూ, హింసకు గురై బతికి ఉన్న స్త్రీలనూ పోల్చి చూసిన అధ్యయనం అది. కలిసి బతికిన తరువాత విడిపోవడం, అందులోనూ అడుగడుగునా అదుపు చేసే పురుషుడి నుండి విడిపోవడం, హత్య ప్రమాదాన్ని బాగా పెంచుతున్నట్లు తేలింది. అక్కడి తుపాకుల సంగతి మనకు అంతగా వర్తించకపోవచ్చు. కానీ "నాది" అనుకున్నది చేజారిపోతున్నదన్న క్షణంలో చెలరేగే క్రౌర్యానికి దేశభాషల భేదం ఉన్నదని నేననుకోను. గొంతు నులమడం మరొక గుర్తు. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో స్త్రీ తరువాతి కాలంలో హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని 2008లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. మన ఇళ్ళలో "కోపంలో మెడ పట్టుకున్నాడు" అని ఎంత తేలికగా అనేస్తామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

ఆమె అంచనా ఎప్పుడూ సరైనదేనా? ఎప్పుడూ కాదు. హత్యాయత్నం నుండి బయటపడిన 30 మంది స్త్రీలతో జరిపిన సంభాషణలు 2003లో ప్రచురితమయ్యాయి. వారిలో 14 మంది తమ ప్రాణానికి ముప్పు ఉందని అంతకుముందు అనుకోలేదన్నారు. కాబట్టి నాకు తోచే సూత్రం ఇది: "నన్ను చంపేస్తాడు" అని ఆమె అంటే వెంటనే నమ్మాలి. "అబ్బే, అంతదాకా రాడులే" అంటే మాత్రం పూర్తిగా నిశ్చింతగా ఉండకూడదు. మెడ పట్టుకోవడం, ఆయుధం చూపడం, "నాకు దక్కకపోతే ఎవరికీ దక్కవు" అనడం, వెంబడించడం - ఇటువంటివి ఉన్నాయేమో మెల్లగా అడగాలి.

ఇక "వదిలి రావచ్చుగా" అన్న మాటలోని రెండవ లోపం. వచ్చి ఎక్కడికి వెళ్ళాలి? రంగనాయకమ్మగారి "జానకి విముక్తి"లో జానకికి సత్యం వంటి అన్న ఉన్నాడు. అందరికీ ఉండడు. దీనికి లెక్కలతో జవాబు చెప్పిన అధ్యయనం ఒకటి కేరళలో, తిరువనంతపురం జిల్లాలో జరిగింది. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ 2005లో దానిని ప్రచురించారు. ఏ స్థిరాస్తీ లేని స్త్రీలలో 49 శాతం మంది దీర్ఘకాలం శారీరక హింస అనుభవించగా, భూమీ ఇల్లూ రెండూ తమ పేర ఉన్నవారిలో అది 7 శాతం. దీర్ఘకాల హింస పడినవారిలో ఇల్లు వదిలి రాగలిగినవారు ఆస్తి ఉన్నవారిలో 71 శాతం, లేనివారిలో 19 శాతం. అలా వచ్చి తిరిగి అదే ఇంటికి వెళ్ళినవారిలో 88 శాతం మంది ఆస్తి లేనివారే. ఇందులో ధైర్యం ప్రసక్తి ఎక్కడుంది? కూతురికి కట్నంగా నగదు ఇచ్చి, ఇల్లు మాత్రం కొడుకు పేర రాసే తండ్రి, ఆమె ధైర్యంలో సగం ఆనాడే రాసి ఇచ్చేశాడు.

మన చట్టం ఈ సంగతిని గ్రహించిందనే చెప్పాలి. 2005 నాటి గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. దాని 17వ సెక్షను, ఆస్తిహక్కు ఉన్నా లేకపోయినా, కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఉందంటుంది. 19వ సెక్షను కింద న్యాయస్థానం భర్తనే ఇల్లు విడిచి వెళ్ళమని ఆదేశించవచ్చు. అంటే "ఆమె ఎందుకు వదిలి రాలేదు?" అని మనం అడుగుతుంటే, "అసలామె ఎందుకు వదలాలి?" అని చట్టం తిరిగి ప్రశ్నిస్తున్నది. అయితే ఆ చట్టం వచ్చిన కొద్ది వారాలకే, 2006 డిసెంబరులో, బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఆ ఇల్లు భర్త సొంతమో, అతను అద్దెకు తీసుకున్నదో, అతనికి వాటా ఉన్న ఉమ్మడి కుటుంబానిదో అయితే తప్ప హక్కు లేదంది. అత్తగారి పేరనో మామగారి పేరనో ఉన్న ఇళ్ళలో కాపురముండే కోడళ్ళ పాలిట అది పెద్ద దెబ్బ. 2020 అక్టోబరు 15న సతీశ్ చందర్ అహూజా కేసులో అదే కోర్టు ఆ వ్యాఖ్యానం సరికాదని చెప్పేదాకా దాదాపు పద్నాలుగేళ్ళు పట్టింది.

ఆ చట్టం కింద 2006లో చేసిన నియమాలలో ఐదవ నమూనా పత్రం ఒకటుంది. దాని పేరే "భద్రతా ప్రణాళిక". జరిగిన హింస ఏమిటి, దాని పర్యవసానాలేమిటి, ఆమె భయాలేమిటి, ఏ ఏర్పాట్లు కావాలి, కోర్టు నుండి ఏ ఉత్తర్వులు కోరుతున్నది - ఇవన్నీ రక్షణాధికారి ఆమెతో సంప్రదించి, ప్రమాద తీవ్రతను అంచనా వేసి నింపాలి. నా దృష్టిలో ఆ చట్టంలోని వివేకమంతా "ఆమెతో సంప్రదించి" అన్న ఆ మాటలో ఉంది. ఇంతకాలం ఆమె మనసులోనే కట్టుకున్న లెక్కను ప్రభుత్వం కాగితం మీద గౌరవించే చోటు అది. దానికి బదులు మనకు బాగా అలవాటైన పద్ధతి వేరు: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, అతని చేత "ఇకముందు కొట్టను" అని సంతకం పెట్టించి, ఆమెను అతని బండి మీదే ఇంటికి పంపడం. ఫిర్యాదు చేసిందన్న కోపంతో ఉన్న మనిషి వెంట, ఆ రాత్రికి ఏ ఏర్పాటూ లేకుండా. రాజీ కుదిరిందని అందరూ సంతోషించే ఆ సాయంత్రమే ఆమెకు అత్యంత ప్రమాదకరం కావచ్చు.

ఒంటరిగా చేసే ఈ పనిని స్త్రీలు కలిసి చేసిన సందర్భం మన నేలమీదే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి లేచిన సారా వ్యతిరేకోద్యమాన్ని మద్యనిషేధ చరిత్రగానే చదువుతాము. తాగి వచ్చి కొట్టే చేతినుండి ఇంటిని కాపాడుకునే ప్రయత్నంగా కూడా దానిని చదవాలి. వయోజన విద్యా కేంద్రాలలో కలుసుకున్న ఆడవారు ఒకరి కథలో మరొకరు తమ కథను చూసుకున్నారు. ఇంటి లోపల భర్తను ఆపలేనివారు, ఊరిలోకి వచ్చే సారాను కలిసి ఆపారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం పోయింది. తాగుడే హింసకు మూలమని నేననను, తాగనివారూ కొడతారు. కానీ పదిమంది ఆడవారికి ఒకరి సంగతి ఒకరికి తెలియడమే ఒక రక్షణ అన్న పాఠం మాత్రం చెరిగిపోలేదు.

విదేశాలలోని మనవారి సంగతి ఇంకొక తీరు. అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉన్న భార్య ఆ దేశంలో ఉండడమే భర్త ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది. 2015 దాకా ఆ వీసాదారులకు పనిచేసే అనుమతే లేదు; ఆ ఏడు కూడా గ్రీన్‌కార్డు దారిలో ఒక దశ దాటినవారి భార్యాభర్తలకు మాత్రమే ఇచ్చారు. అక్కడ పక్కింటి పిన్నిగారు లేరు, పుట్టింటికి వెళ్ళే పండుగ వంక లేదు, పాస్‌పోర్టు అతని సొరుగులో ఉంటుంది. అందుకే అక్కడి దక్షిణాసియా స్త్రీలు తమ సంస్థలు తామే కట్టుకున్నారు. న్యూజెర్సీలో 1985లో మొదలైన "మానవి" వాటిలో మొదటిది. హింసకు గురైన హెచ్-4 భార్య కొన్ని షరతులతో తనంతట తాను పని అనుమతి కోరవచ్చన్న నిబంధన కూడా అక్కడి చట్టంలో ఉంది. పెళ్ళిచేసి పంపే తల్లిదండ్రులు పచ్చళ్ళ సీసాలతో పాటు ఈ మాట కూడా కూతురి చెవిన వేస్తే బాగుంటుంది.

మరి మనబోటివారు చేయగలిగినదేమిటి? చిన్న పనులే. పాస్‌బుక్కులూ గొలుసూ దాచిపెట్టమంటే కారణం గుచ్చి గుచ్చి అడగకుండా దాచడం. "బెల్లం అయిపోయింది వదినా" అని ఫోను వస్తే పోలీసులను పిలవాలన్న రహస్య సంకేతాన్ని ముందే అనుకోవడం. పక్కింట్లో కేకలు వినిపిస్తే ఏదో అరువు అడిగే మిషతో బెల్ కొట్టడం. 2008లో బ్రేక్‌త్రూ సంస్థ "బెల్ బజావో" ప్రచారం చెప్పినది అదే. మర్నాడు ఆమెను ఒంటరిగా పలకరించడం, అతని ముందు మాత్రం ఏమీ తెలియనట్లే ఉండడం. ఆమెకు పంపే సందేశాలు అతనూ చదవవచ్చునని గుర్తుంచుకోవడం. 181 మహిళా సహాయ నంబరు, అత్యవసరమైతే 112, జిల్లాలోని "సఖి" కేంద్రం సంగతి ఆమెకు తెలిసేలా చేయడం. గృహహింస జరుగుతున్నదని నమ్మకం కలిగిన ఎవరైనా రక్షణాధికారికి తెలపవచ్చునని, సదుద్దేశ్యంతో తెలిపినవారి మీద ఏ కేసూ నిలవదని 4వ సెక్షను చెబుతున్నది. కానీ, ప్రాణాపాయం కళ్ళెదుట ఉంటే తప్ప, తెలిపే ముందు ఆమెను అడగాలి.

వచ్చేస్తానంటే తోడు వెళ్ళాలి. ఇప్పుడు కాదంటే అలిగి తలుపు మూసుకోకూడదు. "ఎన్నిసార్లు చెప్పినా వినదు, ఇంక ఆమె ఖర్మ" అని మనం విసుక్కున్న రోజున ఆమె పటంలోనుండి ఒక తలుపు చెరిగిపోతుంది. అతను కోరుకునేదీ అదే.

ఈసారి మనకు తెలిసిన అమ్మాయి ఎవరైనా నోరు విప్పితే, "వదిలి రావచ్చుగా" అన్న మాటను కాసేపు ఆపుకుని, "ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొస్తున్నావమ్మా? అందులో నేను చేయగలిగింది ఏముంది?" అని అడిగి చూద్దాం. జవాబు చాలా పొడుగ్గా ఉంటుందని నా నమ్మకం. ఓపిగ్గా విందాం.